ఫర్లోలో ఉన్నారా? పానా పట్టండి!

ఉద్యోగం పోలేదు. అలాగని ఉద్యోగం చేస్తున్నామని చెప్పుకోవడానికీ లేదు. ఐడీ కార్డు మేకుకు వేలాడుతూనే ఉంటుంది, ఆఫీసు మెయిలు మాత్రం తెరుచుకోదు. పలకరించిన వాళ్లకు ఏం చెప్పాలో తోచదు. త్రిశంకు స్వర్గానికి ఈ కాలం పెట్టిన పేరు ఫర్లో.

ఇది ఏ ఒక్కరికో వచ్చిన కష్టం కాదు. కరోనా వేళ బ్రిటన్‌లో ప్రభుత్వమే ఫర్లోలో ఉన్నవాళ్ల కోసం పథకం పెట్టింది. ఇంట్లో కూర్చున్న ఉద్యోగికి జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా అందేలా చూసింది. 2021 సెప్టెంబరు ఆఖరుకి పథకం ముగిసేసరికి 1.17 కోట్ల ఉద్యోగాలు ఆ గొడుగు కిందికి వచ్చాయి. అమెరికాలో బడ్జెట్ తగువు తెగక ప్రభుత్వం మూతపడ్డప్పుడల్లా (షట్‌డౌన్) ఎందరో ప్రభుత్వోద్యోగులను ఇంటికి పంపుతారు. 2018 డిసెంబరులో మొదలైన షట్‌డౌన్ 35 రోజులు సాగితే, 2025లో వచ్చింది 43 రోజులు సాగింది. మన దగ్గర దీని పేరు ‘జీతం లేని సెలవు’. 2020లో విమానాలు నడిపేవాళ్ల నుంచి హోటళ్లలో పనిచేసేవాళ్ల దాకా ఎందరో దాన్ని చవిచూశారు. అందులో నేనూ ఉన్నాను. నాకు మూడు నెలలు.

మొదటి వారం పండగలా గడిచింది. రెండో వారం పగలే నిద్ర. మూడో వారానికి స్నానం మధ్యాహ్నానికి జారింది. నాలుగో వారంలో మా అమ్మ ఒక్క మాట అంది: “ఏరా, ఇవాళ ఏ వారం?” ఆలోచిస్తే గాని చెప్పలేకపోయాను.

తీరిక దొరికితే చాలా?

దాదాపు వందేళ్ల కిందట ఇదే సంగతిని ఒక ఊరు ఊరంతా అనుభవించింది. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మారియెంథాల్ అనే మిల్లు ఊరు. 1930 ప్రాంతంలో మిల్లు మూతపడింది. ఏం జరుగుతోందో చూద్దామని మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు తమ బృందంతో అక్కడికి వెళ్లారు. 1933లో వారి పుస్తకం వచ్చింది.

పని లేదు కాబట్టి జనం పుస్తకాలు చదువుకుంటారని, నాలుగు కబుర్లు చెప్పుకుంటారని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. లైబ్రరీలో రుసుము తీసేసినా పుస్తకాలు తీసుకెళ్లడం రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో మగవాళ్ల నడక మందగించింది, నాలుగడుగులకోసారి ఆగిపోతున్నారు. గడియారం పెట్టుకోవడం చాలామంది మానేశారు. పొద్దుటి నుంచి ఏం చేశారని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

మేరీ యహోదా ఈ సంగతిని ఆ తర్వాత కూడా వదలలేదు. జీతం కాక ఉద్యోగం మనకు తెలియకుండానే మరో అయిదు ఇస్తుందని తేల్చారు. రోజుకు ఒక వేళాపాళా, ఇంటి బయటి మనుషులతో మాటామంతీ, పదిమందితో కలిసి ఏదో సాధిస్తున్నామన్న భావన, ‘నేను ఫలానా’ అని చెప్పుకునే గుర్తింపు, చేతికీ బుర్రకీ నిత్యం కదలిక. ఫర్లోలో జీతం కొంత వచ్చినా ఈ అయిదూ ఒకే రోజున ఆగిపోతాయి.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఊరికే కూర్చుంటే మనిషే కరిగిపోతాడు. కాబట్టి ఆ అయిదింటినీ వెనక్కి తెచ్చే పని ఏదో ఒకటి కావాలి. నాకు దొరికింది ఒక పాత కారు.

పాకలో పద్మిని

మా ఊళ్లో పశువుల పాకలో నాన్న కొన్న 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని పన్నెండేళ్లుగా కదలకుండా ఉంది. ముంబయి కుర్లాలో ఫియట్ 1100 నమూనా మీద తయారైన బండి. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ. ముంబయి నల్ల పసుపు ట్యాక్సీలంటే ఒకప్పుడు ఇవే. వాటిలో ఆఖరివి 2023 అక్టోబరులో రోడ్డు దిగాయి. మా దానికి సీట్లో ఎలుకల కాపురం, టైర్లు నేలకు అంటుకుపోయాయి, ఇంజిన్ బిగుసుకుపోయింది.

బాగుచేయడం మొదలుపెట్టినప్పుడు నాకు వచ్చిన విద్య పంక్చరైన చక్రం మార్చడం ఒక్కటే. మిగిలిన రెండు నెలల్లో ఆ బండి నేర్పిన పాఠాలివి.

1. విప్పే ముందు ఫోటో తీయండి. ఉత్సాహంలో మొదటి రోజే కార్బురేటర్ ఊడదీశాను. ఏ గొట్టం ఎక్కడిదో రెండో రోజుకే మర్చిపోయాను. అప్పటినుంచి ప్రతి భాగానికీ విప్పకముందు ఫోటో, నట్లూ బోల్టులూ వేయడానికి ఖాళీ మాత్రల డబ్బా, దాని మీద చీటీ. బతుకులో చిక్కులు విప్పుకునేటప్పుడు కూడా ఇదే పద్ధతి. ఫర్లో మొదటి రోజునే ఒక కాగితం మీద మీ చేతిలో ఉన్న డబ్బు, నెలనెలా కట్టాల్సినవి, సంస్థ రాతపూర్వకంగా ఇచ్చిన హామీ రాసిపెట్టుకోండి. కంగారులో గుర్తుండేది భయం ఒక్కటే. లెక్క కాగితం మీదే ఉండాలి.

2. బిగుసుకున్న దాన్ని నానబెట్టండి. సైలెన్సర్ గొట్టం పట్టే బోల్టు ఒకటి రాలేదు. పానాకు పైపు తగిలించి బలమంతా పెట్టాను. ఊళ్లో మెకానిక్ షెడ్డు నడిపి మానేసిన పెద్ద మేస్త్రి అటుగా వచ్చి చూశారు.

“ఏం బాబూ, దాంతో కుస్తీ పడతన్నావా? డీజిలు పట్టించి వదిలెయ్. రేపు ఊడుద్ది. ఇవాళే ఊడాలన్నావనుకో, తలకాయ తెగుద్ది.”

“నా తలకాయా బాబాయ్?”

“బోల్టుది. నీది తర్వాత.”

ఇంజిన్‌కీ అదే వైద్యం. ప్లగ్గులు తీసి, ఆ కన్నాల్లోంచి ఇంజిన్ ఆయిలూ డీజిలూ కలిపి పోసి అయిదు రోజులు ఆగాం. ఆరో రోజు చేత్తో తిప్పితే పుల్లీ అంగుళం కదిలింది. పాకలో ఉన్నవాళ్లమంతా ఒక్కసారిగా అరిచాం. ఉద్యోగాల వేటలోనూ ఇంతే. పంపిన దరఖాస్తుకు గంటగంటకూ మెయిలు చూసుకుంటే జవాబు తొందరగా రాదు. పట్టించాల్సింది పట్టించి, ఇంకో బోల్టు దగ్గరికి వెళ్లండి.

3. తప్పు ఎక్కడో వెతకండి, తిట్టుకోకండి. పెట్రోలు ఇంజిన్ స్టార్ట్ కాకపోతే ముందు మూడు చూస్తారు. పెట్రోలు వస్తోందా? ప్లగ్గులో నిప్పు పడుతోందా? సిలిండర్‌లో ఒత్తిడి నిలుస్తోందా? ఒక్కొక్కటీ విడిగా పరీక్షిస్తూ పోతే దొంగ దొరుకుతాడు. ‘ఈ బండి దరిద్రపుది’ అనడం పరీక్ష కిందికి రాదు. ‘నా జాతకమే ఇంత’ అనుకోవడమూ అంతే. నైపుణ్యం పాతబడిందా, పరిచయాలు తగ్గాయా, రెజ్యూమెలో లోపమా? విడదీసి చూసుకుంటే దిద్దుకోవడానికి ఒకటి కనబడుతుంది.

4. ముందు బ్రేకులు, ఆఖరున రంగు. నాకు మాత్రం మొదటే రంగు వేయించాలని ఉండేది. మెరుస్తుంటే నలుగురూ చూస్తారు కదా! మేస్త్రి ఒప్పుకోలేదు. మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గర రబ్బర్లు, బ్రేకు గొట్టాలు, పెట్రోలు ట్యాంకులో తుప్పు, ఆ తర్వాత వైరింగు, ఆ తర్వాత టింకరింగు, అన్నీ అయ్యాకే పెయింటింగు. ఫర్లోలో కొత్త సర్టిఫికెట్లు పోగేసి ప్రొఫైలుకు మెరుగులు దిద్దేవాళ్లు చాలామంది. ముందు నిద్ర, ఆరోగ్యం, ఇంటి లెక్క సరిచేసుకోండి. ఆగడం రాని బండికి ఎంత రంగు వేసినా ఏం లాభం?

5. పనికి వేళ పెట్టండి. నాకు ఆరింటికి లేవడం, తొమ్మిది నుంచి పది దాకా ఉద్యోగానికి సంబంధించిన పనులు, పది నుంచి ఒంటిగంట దాకా బండి. ఒంటిగంటకు సామాను సర్దేసి, చేతులు కడుక్కుని, రేపు మొట్టమొదట ఏం చేయాలో నోటు పుస్తకంలో ఒక వాక్యం రాయాలి. ‘ఎడమ ముందు చక్రం డ్రమ్ము విప్పాలి.’ పొద్దున లేవగానే మనసును బతిమాలే పని ఉండదు, వాక్యం ఎదురుచూస్తూ ఉంటుంది. వారానికి ఆరు రోజులే. ఆదివారం పానా ముట్టుకోకూడదు. సెలవు లేని చోట పని ఉన్నట్టు కూడా అనిపించదు.

6. అడగడానికి సిగ్గుపడకండి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక రబ్బరు బుష్ కోసం ఏడు కొట్లు తిరిగాను. ఏడో కొట్టాయన ‘లేదు’ అంటూనే దొరికే చోటు చెప్పాడు, కాఫీ ఇప్పించాడు, తన మొదటి బండి కథ చెప్పాడు. నెలరోజులుగా ఇంటి బయటివాళ్లతో నేను అంతసేపు మాట్లాడింది అప్పుడే. లేత్ మిషను దగ్గర కుర్రాడికి నా హోదాతో పనిలేదు, కొలత సరిగ్గా తెచ్చానా లేదా అన్నదే చూశాడు. బజారులో ‘ఏం చేస్తున్నారు?’ అని ఎవరైనా అడిగితే ‘పద్మిని బాగుచేస్తున్నా’ అనేవాణ్ని. యహోదా చెప్పిన అయిదింట్లో మాటామంతీ, గుర్తింపు ఆ బుష్ వెతుకులాటలోనే తిరిగొచ్చాయి.

జేబు, ప్రాణం, చట్టం

ఉత్సాహానికి మూడు కంచెలు వేయాలి.

మొదటిది జేబు. ఇంటి ఖర్చు, ఈఎంఐలు, పిల్లల ఫీజులు పక్కన పెట్టాక మిగిలిన దాంట్లోంచే ఖర్చు పెట్టాలి. అప్పు చేసి కాలక్షేపం కొనుక్కోవద్దు. ఒక కవరులో నెలకింత అని పెట్టి, అది ఖాళీ అయితే డబ్బు అక్కర్లేని పని చేయాలి. తుప్పు గీకడానికి, గ్రీజు తుడవడానికి డబ్బెందుకు? వాటితోనే నెల గడిచిపోతుంది.

రెండోది ప్రాణం. ఒట్టి జాకీని నమ్మి కారు కింద దూరొద్దు, గట్టి స్టాండ్లు ఉండాల్సిందే. వైరింగు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన తెలియకుండానే మనిషి ప్రాణం తీస్తుంది. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్మును ఊదకుండా తడిపి తుడవాలి.

మూడోది చట్టం. మన దేశంలో కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. ఆపైన తనిఖీకి పెట్టి అయిదేళ్లకోసారి ఆర్సీ పొడిగించుకోవాలి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. పానా పట్టకముందే కాగితాలు చూసుకోండి. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకు ఇంకో మాట. హాబీని హాబీగానే ఉంచండి, దాని మీద సంపాదన మొదలుపెడితే వీసాకు చిక్కు. అన్నట్టు, జీతం ఆపేసి బెంచి మీద కూర్చోబెట్టడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు, ఆ హక్కునూ తెలుసుకోండి.

కారే కానక్కర్లేదు

అందరి పాకల్లోనూ పద్మినులు ఉండవు. అటక మీద నాన్నగారి రేడియో ఉంటుంది. మెట్ల కింద బజాజ్ చేతక్ ఉంటుంది. మూలన పడిన అమ్మ కుట్టుమిషను, బెల్టు తెగిన టేప్ రికార్డరు, చైను తుప్పు పట్టిన సైకిలు. మేడ మీద నాలుగు కుండీల్లో తోటకూర, గోంగూర వేసినా సరే. ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. చేతులకు పని ఉండాలి, సాయంత్రానికి ఇంత అయిందని కంటికి కనబడాలి, మధ్యలో ఎవరినైనా అడగక తప్పని చిక్కు ఒకటైనా రావాలి. ఫోన్‌లో వీడియోలు చూడటం ఈ మూడింట్లో దేనికీ నిలవదు. బాగుచేసే వీడియో అయినా, చూస్తున్నంతసేపూ అవతలివాడి చేతులే నల్లబడతాయి.

సరదా ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే హైదరాబాద్‌లో జూ పార్కుకు దగ్గర్లో ఉన్న సుధా కార్స్ మ్యూజియానికి వెళ్లండి. కె. సుధాకర్ స్కూలు రోజుల్లోనే చెత్తసామానుతో బళ్లు చేయడం మొదలుపెట్టారు. 2005లో ఆయన చేసిన భారీ మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డుకెక్కింది. 2010లో మ్యూజియం తెరిచారు. బ్యాటు, బూటు, బర్గరు ఆకారంలో ఉన్న కార్లు అక్కడ నిజంగా నడిచేవే.

నా బండి సంగతి చెప్పి ముగిస్తాను. ఫర్లో ఎనభై ఒకటో రోజున సెల్ఫు కొడితే రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. పాకంతా పొగ. ఎలుకలు కాపురం ఎత్తేశాయి. వారం తిరక్కుండా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. పిలుపు రాకపోయినా పెద్ద తేడా ఉండేది కాదనే నా నమ్మకం. మా అమ్మ మళ్లీ “ఇవాళ ఏ వారం?” అని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగే స్థితికి అప్పటికే వచ్చేశాను. రంగు మాత్రం ఇంకా వేయించలేదు.

ఈ సాయంత్రం లోపు మీ ఇంట్లో పాడైపోయిన వస్తువు ఒకటి వెతికి బల్ల మీద పెట్టండి. విప్పే ముందు ఫోటో తీయడం మర్చిపోకండి.