పలక మీద గీత, భూమి మీద దారి

పిల్లలూ! మన మార్కాపురం పలక మీద రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య అతి దగ్గర దారి గీయమంటే ఏం చేస్తారు? స్కేలు పెట్టి సరళరేఖ గీస్తారు. పలక మీద అది సరైనదే. మరి భూమి మీద?

ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి నన్ను అడిగింది: "సార్! మా అన్న శాన్‌ఫ్రాన్సిస్కోలో శనివారం రాత్రి విమానమెక్కి, బెంగుళూరులో సోమవారం తెల్లవారుజామున దిగుతాడట. రెండు రాత్రులూ ఆకాశంలోనేనా అని మా అవ్వ అన్నం కూడా తినడంలేదు."

నేను గోడకున్న మెర్కేటర్ పటం మీద స్కేలు పెట్టి గీత చూపించాను. అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోయింది. సుమారు 20,000 కిలోమీటర్లు! ఇంటికి వెళ్ళాక అనుమానమొచ్చి, గ్లోబు మీద దారం బిగించి చూశాను. దారం అలాస్కా, సైబీరియాల మీదుగా పోయింది. ఆ దూరం సుమారు 14,000 కిలోమీటర్లే. మర్నాడు తరగతిలో నా తప్పు ఒప్పుకున్నాను.

ఎందుకీ తేడా? భూమధ్యరేఖ మీద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 111 కిలోమీటర్లు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది సగమే. ధ్రువం దగ్గర సున్న! చదును పటం ఆ కుదింపును దాచి, ఉత్తరాన్ని సాగదీసి చూపుతుంది. గోళం మీద దగ్గర దారిని 'మహావృత్తం' చూపుతుంది. బిగించిన దారం ఆ వృత్తంలో ముక్కే.

అయితే విమానం ఎప్పుడూ దారం వెంటే పోదు. గాలి వాలు, వాతావరణం కూడా చూసుకోవాలి. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా బెంగుళూరుకు నడిపారు. అలాంటి చలి దారిలో ఇంధనం ఉష్ణోగ్రతను కనిపెట్టి ఉండాలి. జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టవచ్చు.

ఇక అవ్వ దిగులు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన గడియారానికి ఆధారం కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. శాన్‌ఫ్రాన్సిస్కో చలికాలపు గడియారానికి 120 డిగ్రీల పడమటి రేఖాంశం. మొత్తం 202½ డిగ్రీలు. 15తో భాగిస్తే 13½ గంటలు. అక్కడ శనివారం రాత్రి 8.30 అయితే మనకు ఆదివారం ఉదయం 10 గంటలు. ప్రయాణం సుమారు 17 గంటలు. అంటే సోమవారం తెల్లవారుజామున 3 గంటలకు దిగుతాడు.

రెండు రాత్రులు కాదు, అవ్వ లెక్కన పగటిలో మూడింట రెండు వంతులూ, ముప్పాతిక రాత్రీ! ఆ అమ్మాయి ఈ లెక్క పలక మీద వేసి చూపించాకే అవ్వ కంచం ముందు కూర్చుందట.

మీరూ చేయండి: గ్లోబు మీద హైదరాబాదు నుంచి చికాగోకు దారం బిగించండి. అది ఏ దేశాల మీదుగా, ఏ సముద్రాల మీదుగా పోతుందో రాయండి.