ఆధారము చెప్పినంతవఱకే

లోకవ్యవహారమున అనుమానమనగా సందేహము. తర్కశాస్త్రమున దాని యర్థము వేఱు. కంటికి కనబడు గుఱుతునుబట్టి కనబడని సంగతిని తెలిసికొనుటయే అచట అనుమానము. కొండపై పొగను చూచి నిప్పు కలదని చెప్పుట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. వంటయింటిలో పొగతోపాటు నిప్పుండుట అందఱు ఎఱిగినదే. నిప్పు లేక పొగ పుట్టుట ఎవ్వరును చూడలేదు. ఆ నిర్ణయమునకు ఇదియే బలము. కాని నిప్పున్నచోటనెల్ల పొగ యుండునని తిరుగవేసి చెప్పరాదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. అన్నంభట్టు బాలుర కొఱకు రచించిన తర్కసంగ్రహమున ఈ భేదమును వివరించెను.

ఈ జాగ్రత్త వాదమున గెలుచుటకే గాక ప్రాణములు కాపాడుటకును పనికివచ్చును.

1854వ సంవత్సరము ఆగస్టు తుదిని లండను నగరములోని సోహో పేటలో కలరా విజృంభించెను. పదిదినములలో 500 మందికి పైగా మరణించిరి. జనులు ఇండ్లు విడిచి పాఱిపోవుచుండిరి. దుర్గంధముతో కూడిన గాలియే వ్యాధికి కారణమని ఆనాటి వైద్యులలో పెక్కుమంది నమ్మిరి. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము చెడిన నీరే కారణమై యుండునని తలచెను. అయినను తలపు ఋజువు కాదని ఆయన యెఱుగును.

స్నో మృతుల జాబితా సంపాదించి ఆ యిండ్లకు పోయి విచారించెను. జాబితాలోని 83 మరణములలో 73 బ్రాడ్ వీధి పంపునకు సమీపమున జరిగినవి. ఆ 73 మందిలో 61 మంది ఆ పంపు నీరు త్రాగువారు. 6 మంది త్రాగలేదని తెలిసెను. తక్కిన 6 మంది సంగతి తెలియలేదు. తన తలపునకు అనుకూలము గాని లెక్కను గూడ ఆయన దాచలేదు.

ఇంతమాత్రమున నిర్ణయము స్థిరపడునా? పంపు చెంత నుండువారికి నీరువలెనే గాలియు ఒక్కటియే గదా! కావున స్నో ఈ రెంటిని వేఱుచేయగల తావులను వెదకెను. పంపునకు చేరువనే 535 మంది నివసించు పేదల ఆశ్రమము కలదు. దానికి సొంత బావి యుండెను. అందు కలరాచే మరణించినవారు 5గురే. ఆ వీధిలోనే యున్న బీరు కర్మాగారమున 70 మందికి పైగా పనిచేయుచుండిరి. వారు ఆ పంపు నీరు త్రాగువారు కారు. వారిలో ఒక్కరును మరణింపలేదు. దూరమున హాంప్‌స్టెడ్‌లో నివసించు ఒక స్త్రీ మాత్రము, రుచి మెచ్చి, ఆ పంపు నీటినే తెప్పించుకొని త్రాగి మరణించెను. గాలి ఒకటియై నీరు వేఱైనచోట జనులు బ్రతికిరి. గాలి వేఱై నీరు ఒకటియైనచోట మరణము సంభవించెను.

ఈ యాధారములను విని పేట పాలకులు సెప్టెంబరు 8వ తేదీన పంపు పిడిని తీయించిరి. వ్యాధి అణగెను. అంతట స్నో విజయము చాటుకొనలేదు. జనులు పేట విడిచిపోవుటచే వ్యాధి అంతకుముందే తగ్గుచుండెననియు, పిడి తీయుటవలననే ఆగెనని నిశ్చయింపజాలననియు ఆయనయే వ్రాసెను.

స్నో వాదమును మొదట నమ్మని హెన్రీ వైట్‌హెడ్ అను మతగురువు తాను వేఱుగా విచారించి తుదకు దానినే బలపఱచెను. సమీపమునందలి యింటి మురుగుగుంట నుండి కల్మషము బావిలోనికి ఊరుచున్నట్లు 1855లో త్రవ్వి చూడగా తేలెను. స్నో 1858లో మరణించెను. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ కలకత్తాలో వేఱుపఱచుట 1884లోని మాట. క్రిమిని ఎఱుగకయే స్నో సరియైన నిర్ణయమునకు వచ్చెను.

తర్కపరీక్షలలో విద్యార్థికి కావలసినది ఈ నిగ్రహమే. “మృతులలో పెక్కుమంది ఆ నీరు త్రాగిరి” అను వాక్యమునుండి “ఆ నీరు త్రాగినవారందఱు మృతిచెందిరి” అని తేలదు. ఇచ్చిన వాక్యములు ఏమి చెప్పుచున్నవి? అవి సత్యమైనను ఈ నిర్ణయము అసత్యము కావచ్చునా? వేఱొక కారణమునకు తావు కలదా? ఈ మూడును విచారించి, ఆధారము ఆగినచోట తానును ఆగువాడే చక్కగా అనుమానము చేయువాడు.