పండుగకు రానివారెవరు?



ఈద్ నమాజు ముగిసిన తర్వాత గుంటూరు బ్రాడీపేట లైన్లలోని మన ఇళ్ళు ఎలా ఉంటాయో పాఠకులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. నరసరావుపేట నుంచి చాచా కుటుంబం వస్తుంది. చిలకలూరిపేట నుంచి ఫుప్పూ పిల్లలు, ఒంగోలు నుంచి మామూ, పొన్నూరు నుంచి ఖాలా వస్తారు. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాల్లో వీరినే బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని అంటారు. పిలుపు వేరైనా బంధుత్వం ఒక్కటే. గుమ్మం బయట చెప్పులు పేరుకుపోతాయి. షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అవుతూ ఉంటాయి. ఒకవైపు పలావు, దాల్చా ఉడుకుతుంటాయి. పిల్లలు ఓ మూల చేరి ఎవరికి ఎంత ఈదీ వచ్చిందో లెక్క చూసుకుంటారు. 2022 ఏప్రిల్‌లో పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడ్డాయి గాని, ఈ కుటుంబాలు మాత్రం పండుగ పూట ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటూనే ఉన్నాయి. ఇది అల్లాహ్ అనుగ్రహం. దీనికి ఆయనకు కృతజ్ఞతలు తెలుపుకోవాలి.

అయితే ఇంతమంది వచ్చిన ఇంట్లో కూడా ఒక్కోసారి ఒకరు కనిపించరు. ఎందుకు రాలేదని అడిగితే ఏదో ఒక సాకు వినిపిస్తుంది. మన చాంద్రమాన సంవత్సరం సూర్యమానం కంటే దాదాపు 11 రోజులు చిన్నది. అందుకే ఈదుల్ ఫిత్ర్ 2023లో ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. అంటే మిరపకాయ కల్లాల్లో ఆరే రోజుల్లోనే పండుగ పడింది. కనుక “కల్లంలో కాయ ఉంది, వదిలి రాలేకపోయాం” అనే మాట నిజమే కావచ్చు. కాని ఆ మాట ఐదారేళ్ళుగా వినిపిస్తూ ఉంటే, బక్రీదుకూ పెళ్ళికీ కూడా అదే మనిషి రాకుండా ఉంటే, కారణం కల్లంలో లేదు, ఇంట్లోనే ఉంది. వచ్చినవారిని చూసి సంతోషించటం అందరికీ తెలుసు. రానివారిని గురించి ఆలోచించటమే ఈ నెల పాఠం.

బంధువుల ఇళ్ళను పేరుపేరునా చెప్పిన ఆయత్

ముందుగా ఒక సంగతి గ్రహించాలి. పండుగ నాడు బంధువులతో కలసి తిని సంతోషించటం ధర్మానికి బయటి విషయం కాదు. దైవప్రవక్త (సఅసం) మదీనా వచ్చినప్పుడు అక్కడివారు ఏటా రెండు రోజులు ఆటపాటలతో గడిపేవారు. వాటికి బదులుగా అంతకంటే మేలైన రెండు రోజులను, ఈదుల్ అజ్హాను, ఈదుల్ ఫిత్ర్‌ను అల్లాహ్ ప్రసాదించాడని ఆయన వారికి తెలియజేశారు. ఒక పండుగ రోజున హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఇద్దరు బాలికలు పాడుతుండగా హజ్రత్ అబూబక్ర్ (రజి) మందలించబోయారు. ప్రతి జాతికీ ఒక పండుగ ఉంటుందని, ఇది మన పండుగ అని చెప్పి దైవప్రవక్త (సఅసం) ఆయనను వారించారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

ఇక సూరయె నూర్ 61వ ఆయత్ చూడండి. ఎవరెవరి ఇళ్ళలో భోజనం చేస్తే తప్పులేదో అల్లాహ్ అందులో ఒక్కొక్కరినీ విడివిడిగా పేర్కొన్నాడు. తండ్రుల ఇళ్ళు, తల్లుల ఇళ్ళు, సోదరుల ఇళ్ళు, సోదరీమణుల ఇళ్ళు, చాచాల ఇళ్ళు, ఫుప్పూల ఇళ్ళు, మామూల ఇళ్ళు, ఖాలాల ఇళ్ళు. కలసి తిన్నా, విడివిడిగా తిన్నా దోషం లేదని తెలిపాడు. ఇళ్ళలోకి వెళ్ళేటప్పుడు సలాం చేయమన్నాడు. బంధువులందరినీ ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు గదా! ఒక్కొక్క ఇంటినీ ఎందుకు పేర్కొన్నట్టు? ఈ జాబితాలోని ఏ ఇంటి తలుపూ మనకు మూసి ఉండకూడదనే హెచ్చరిక ఇందులో ఉందని మేము భావిస్తున్నాం. ఈ ఆయత్‌ను పండుగకు ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని చదవండి. ఒక్కొక్క ఇంటి పేరు వచ్చినప్పుడు ఆగి, ఆ ఇంటికి మనం చివరిసారి ఎప్పుడు వెళ్ళామో గుర్తు చేసుకోండి.

తెగిన బంధుత్వం వల్ల కలిగే నష్టం

బంధుత్వాన్ని త్రెంచేవాడు స్వర్గంలో ప్రవేశించడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించినట్టు హజ్రత్ జుబైర్ బిన్ ముత్‌ఇమ్ (రజి) ఉల్లేఖించారు. తన ఉపాధి విస్తరించాలని, ఆయుష్షు పెరగాలని కోరుకునేవాడు బంధుత్వాన్ని కలుపుకోవాలని ఆయన బోధించినట్టు హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఒక ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానివేయటం ధర్మసమ్మతం కాదని, ఎదురుపడినప్పుడు ముందుగా సలాం చేసినవాడే ఆ ఇద్దరిలో ఉత్తముడని కూడా ఆయన సెలవిచ్చారు. మూడు రోజులు! మన కుటుంబాల్లో మూడు రంజాన్లు గడిచినా మాటలు లేనివారున్నారు.

రంజాన్‌కు సంబంధించిన మరో సంఘటన కూడా గమనించదగ్గది. లైలతుల్ ఖద్ర్ ఏ రాత్రి వస్తుందో తెలియజేయటానికి దైవప్రవక్త (సఅసం) బయటకు వచ్చారు. అదే సమయంలో ఇద్దరు ముస్లిములు పోట్లాడుకుంటున్నారు. దాంతో ఆ జ్ఞానం ఎత్తుకోబడింది. హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. పోట్లాడుకున్నది ఇద్దరే, నష్టం మాత్రం సముదాయమంతటికీ కలిగింది. ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోతే ఆ నష్టం కూడా ఇద్దరితోనే ఆగదు. వారి పిల్లలు ఒకరి పేరు ఒకరికి తెలియకుండా పెరుగుతారు.

హక్కు బాకీ ఉంటే ఏం చేయాలి?

బంధువు రాకపోవటానికి అన్ని కారణాలూ ఒక్కటి కావు. ఏదో మాట పడి నొచ్చుకున్నవారు కొందరైతే, హక్కు పోగొట్టుకున్నవారు మరికొందరు. ఈ రెండో రకంలో ఎక్కువగా కనిపించేది ఆడపడుచులే. తండ్రి మరణించాక పొలాన్ని అన్నదమ్ములు పంచుకుంటారు. ఆడపడుచుకు ప్రతి ఈద్‌కూ ఒక చీర, చేతిలో ఒక నోటు పెడతారు. ఆమె కొంతకాలం వస్తుంది. తర్వాత రావటం మానేస్తుంది. “మనసు మంచిది కాదు, భర్త మాట విని దూరమైంది” అని ఇంట్లోవాళ్ళు అంటారు.

సూరయె నిసా 7వ ఆయత్‌లో అల్లాహ్ పురుషులకు వాటా ఉన్నట్టే స్త్రీలకూ వాటా ఉందని, ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అది నిర్ణీతమైన వాటా అని స్పష్టం చేశాడు. 11, 12 ఆయత్‌లలో లెక్క కూడా ఆయనే చెప్పాడు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక రైతు భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురును వదలి మరణించాడు. అతని తల్లిదండ్రులు అంతకు ముందే చనిపోయారు. అప్పులు, భార్యకు బాకీ ఉన్న మహర్, వసీయత్ తీరిన తర్వాత 8 ఎకరాల ప్రత్తి చేను మిగిలింది. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 ఎకరం. మిగిలిన 7 ఎకరాలు అయిదు భాగాలవుతాయి. ఒక్కొక్క కొడుకుకు రెండు భాగాల చొప్పున 2 ఎకరాల 80 సెంట్లు, కూతురుకు ఒక భాగం, అంటే 1 ఎకరం 40 సెంట్లు. ఈ 140 సెంట్లు అన్న ఇచ్చే కానుక కాదు. తండ్రి కన్నుమూసిన క్షణం నుంచి అది ఆమె సొంతం.

“పొలానికి షరీఅత్ వర్తించదు” అని చెప్పేవారు కూడా ఉన్నారు. 1937 నాటి షరీఅత్ చట్టంలో వ్యవసాయ భూమిని మినహాయించిన మాట వాస్తవమే. అయితే గుంటూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలోనే, 1949లో ఆ ప్రభుత్వం చేసిన సవరణ వల్ల మన ప్రాంతంలో ఆ మినహాయింపు తొలగిపోయింది. చట్టం ఏం చెప్పినా విశ్వాసికి అల్లాహ్ నిర్ణయమే చాలు. కాని ఇక్కడ చట్టాన్ని సాకుగా చూపించే అవకాశం కూడా లేదు.

“పెళ్ళికి కట్నం, సామాను ఇచ్చాం గదా” అంటారు. తండ్రి బ్రతికుండగా ఇచ్చింది ఏదైనా, ఆయన మరణానంతరం వచ్చే వాటాను రద్దు చేయదు. “ఆమే వద్దంది” అంటారు. పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయంతో, నలుగురిలో మొగమాటంతో అన్న మాటను మనస్ఫూర్తి అంగీకారంగా లెక్కించరాదు. ఉలమాలు దీనికి సరైన పద్ధతి చెప్పారు. ముందు ఆమె వాటాను వేరుచేసి ఆమె చేతికి అప్పగించాలి. ఆ తర్వాత ఆమె ఇష్టపూర్వకంగా ఎవరికైనా ఇచ్చుకుంటే అది ఆమె ఉదారత. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల వరకు హారంగా వేయబడుతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన సంగతి మరువరాదు. అటువంటి పొలం మీద వచ్చిన డబ్బుతో వండిన పలావు దగ్గర ఆడపడుచు కూర్చోలేకపోతే తప్పు ఆమెది కాదు.

మాట వల్ల తెగితే ఏం చేయాలి?

హక్కు బాకీ లేకుండా మాట పట్టింపుల వల్ల దూరమైనవారి విషయంలో హజ్రత్ అబూబక్ర్ (రజి) జీవితం మనకు పాఠం. మిస్తహ్ (రజి) ఆయనకు తల్లి తరఫు బంధువు, నిరుపేద. ఆయన ఖర్చులు హజ్రత్ అబూబక్ర్ (రజి) భరించేవారు. హజ్రత్ ఆయిషా (రజి)పై అపనింద వ్యాపించినప్పుడు మిస్తహ్ కూడా ఆ మాటల్లో పాలుపంచుకున్నారు. కన్నకూతురి మీద నింద! దానికంటే పెద్ద గాయం ఏ తండ్రికైనా ఉంటుందా? ఇకపై ఆయనకు ఏమీ ఇవ్వనని హజ్రత్ అబూబక్ర్ (రజి) ప్రమాణం చేశారు. అప్పుడు సూరయె నూర్ 22వ ఆయత్ అవతరించింది. బంధువులకు, నిరుపేదలకు సాయం చేయనని ప్రమాణం చేయవద్దని, క్షమించాలని అల్లాహ్ ఆదేశించాడు. అల్లాహ్ మిమ్మల్ని క్షమించటం మీకు ఇష్టం లేదా అని ప్రశ్నించాడు. హజ్రత్ అబూబక్ర్ (రజి) వెంటనే తమకు అది ఇష్టమేనని చెప్పి, ఆ సాయాన్ని తిరిగి ప్రారంభించారు. పెళ్ళిపత్రిక ఆలస్యంగా ఇచ్చారని, పిలుపు సరిగా లేదని ఏళ్ళ తరబడి దూరంగా ఉండే మనం ఈ ఆయత్ ముందు ఏం జవాబు చెప్పగలం?

క్షమించిన తర్వాత ఎలా మాట్లాడాలో హజ్రత్ యూసుఫ్ (అలై) నేర్పించారు. ఏళ్ళ ఎడబాటు తర్వాత ఆయన తల్లిదండ్రులు, సోదరులు అందరూ మిస్ర్ దేశంలో ఒకచోట చేరారు. ఆ సమయంలో అల్లాహ్ తనకు చేసిన మేళ్ళను తలచుకుంటూ ఆయన చెరసాల నుంచి విడుదలైన సంగతి చెప్పారు గాని, సోదరులు తనను బావిలో పడవేసిన సంగతి ఎత్తలేదు. తమ మధ్య కలతపెట్టింది షైతాన్ అన్నారు. సోదరులు సిగ్గుపడకూడదని ఆయన అంతగా జాగ్రత్తపడ్డారు. మన ఇళ్ళలో మాత్రం రాజీ పడి వచ్చిన బంధువు షీర్ ఖుర్మా ముగించక ముందే ఎవరో ఒకరు పాత కథ మొదలుపెడతారు. పెద్దలు దాన్ని అక్కడే ఆపాలి.

“మేము ఎన్నిసార్లు వెళ్ళినా వాళ్ళు రారు” అనే సోదరులూ ఉన్నారు. వచ్చినవారింటికి వెళ్ళటం బదులు తీర్చుకోవటం మాత్రమేనని, తెగిన బంధుత్వాన్ని కలిపేవాడే నిజంగా బంధుత్వాన్ని నిలిపేవాడని దైవప్రవక్త (సఅసం) వివరించారు. ఆ బంధువు ఇస్లాంలో లేకపోయినా సరే. హజ్రత్ అస్మా (రజి) తల్లి విగ్రహారాధకురాలిగా ఉంటూనే కూతురు దగ్గరకు వచ్చినప్పుడు, ఆమెతో మంచిగా మెలగమనే ఆయన అనుమతించారు.

ఇంట్లోనే ఉండి రానివారు

మరో రకం కూడా ఉంది. ఇంట్లోనే ఉంటారు, కాని పండుగలో ఉండరు. ముప్ఫై నలభై మందికి వండి, వడ్డించి, గిన్నెలు కడిగి సాయంత్రానికి సొమ్మసిల్లే కోడళ్ళు వారు. ఇంట్లో ఉన్నప్పుడు దైవప్రవక్త (సఅసం) ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. కనుక మగవారు దస్తర్‌ఖాన్ పరచటం, నీళ్ళు అందించటం, గిన్నెలు తీయటం సున్నతుకు దగ్గరి పనులే. కోడలికీ పుట్టిల్లు ఉంది. ఆమెకూ ఆ ఆయత్‌లోని ఇళ్ళన్నీ ఉన్నాయి. అదే రోజో మర్నాడో ఆమెను అక్కడికి తీసుకెళ్ళటం భర్త బాధ్యత. పెద్ద కుటుంబం కలిసినప్పుడు నామహ్రమ్‌ల విషయంలో పర్దా మర్యాదలు పాటించటం, ఆడవారికి, మగవారికి వేర్వేరు దస్తర్‌ఖాన్‌లు ఏర్పాటు చేయటం కూడా అవసరం. అయితే వేరు దస్తర్‌ఖాన్ అంటే మగవారు తిన్నాక మిగిలింది వడ్డించేది కాదు.

వచ్చే ఈద్‌కు ముందు

నెలవంక కనిపించే వరకు ఆగకండి. ఈ నెలలోనే సూరయె నూర్ 61వ ఆయత్ ముందు పెట్టుకొని ఒక కాగితం మీద బంధువుల పేర్లు రాయండి. మాటలు లేనివారి పేరు ప్రక్కన, వారికి మనవల్ల హక్కు బాకీ ఉందా, మాట నొప్పి ఉందా అని నిజాయితీగా గుర్తు పెట్టండి. హక్కు బాకీ ఉంటే ముందు తెలిసిన ఆలిమ్ దగ్గర వాటాల లెక్క వేయించండి. పొలం గట్టు దగ్గర, రిజిస్ట్రేషను కాగితం మీద ఆ హక్కు తీర్చండి. పిలుపు ఆ తర్వాత సంగతి. మాట నొప్పి అయితే ఫోన్‌లో పండుగ సందేశం పంపి సరిపెట్టుకోకండి. మీరే వారింటికి వెళ్ళి మీరే ముందు సలాం చేయండి. పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. ఇద్దరి మధ్య సంధి కుదర్చటం నఫిల్ రోజా, నమాజు, దానాల కంటే శ్రేష్ఠమైన పని అని దైవప్రవక్త (సఅసం) బోధించారు. కనుక కుటుంబంలోని పెద్దవారు ఈ పుణ్యాన్ని వదులుకోరాదు.

ఓ అల్లాహ్! మా బంధుత్వాలను కలుపు. మా చేతుల్లో ఉన్న ఇతరుల హక్కులను బ్రతికుండగానే తీర్చే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. మా హృదయాల్లోని కల్మషాన్ని తొలగించు. ఇక్కడ ఒకే దస్తర్‌ఖాన్ మీద చేర్చినట్టే రేపు స్వర్గంలోనూ మా కుటుంబాలను ఒకచోట చేర్చు. ఆమీన్.