వీణ పలకకు బీట పడితే

ఇంటర్ ల్యాబ్‌లో ట్యూనింగ్ ఫోర్కును రబ్బరు దిమ్మ మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్న సంగతి మిత్రులకు గుర్తుండే ఉంటుంది. సన్నగా మూలుగుతుంది. కాడను బల్లకు ఆనించగానే గదంతా వినబడుతుంది. కొత్తగా శక్తి ఏమీ పుట్టలేదు. ఫోర్కు కదిలించలేనంత గాలిని వెడల్పాటి బల్ల కదిలించింది. అందుకే ఫోర్కు తొందరగా ఆగిపోతుంది కూడా. వీణలో తీగ ఆ ఫోర్కు వంటిది, కుండ మీది పలక ఆ బల్ల వంటిది. తీగ కదలిక గుర్రం మీదుగా పలకలోకి దిగుతుంది. పియానోలోనూ ఇదే ఏర్పాటు: 200కు పైగా తీగలకు 8, 9 మిల్లీమీటర్ల మందం స్ప్రూస్ పలక.

మా చెల్లె వీణ బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస చెక్కతో చేసినది. నాయిన రెండేండ్ల పత్తి పైసలు కూడబెట్టి కొన్నడు. చదువుల కోసం మేమిద్దరం మణికొండలో మామయ్య ఫ్లాట్‌లో ఉంటున్నాం. పోయిన మే నెలలో ఒకనాడు పొద్దున చూస్తే పలక మీద జానెడు బీట! మంద్ర తీగ మీటితే జీర పలుకుతున్నది. చెల్లె ఏడుపు ఆపలేదు. బాగుచేసే ఆయన ఒకరు చూసి, పలక మార్చాల్సిందే అన్నారు. నేను సైన్సు విద్యార్థిని కదా, రంపపు పొట్టు జిగురులో కలిపి పూడ్చెయ్యడానికి సిద్ధమయ్యాను.

ఫోన్‌లో చెప్తే నాయిన, "ఎండకాలం నల్లరేగడి నెర్రెలిస్తే రాళ్లు పోసి పూడుస్తమా బిడ్డా? వానకు అదే కలుస్తది, ఆగు" అన్నడు.

ఆ మాట పట్టుకుని లైబ్రరీలో వెతికాను. చెక్క పోగు వెంట పొడవు దాదాపు మారదు. అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్కలో సుమారు 16 శాతం నీరు నిలుస్తుంది. 30కి పడితే 6 శాతమే. తేమ ప్రాంతంలో తయారైన పలక మన మే మధ్యాహ్నాలకు, ఆపైన రాత్రంతా నడిచే ఏసీకి చిక్కితే, అడుగు వెడల్పుకు రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గాలని చూస్తుంది. కుండకు అతికిన అంచులు తగ్గనివ్వవు. ఎక్కడ పోగు బలహీనమో అక్కడ విడిపోతుంది. ఆ సందును అప్పుడే గట్టిగా నింపితే, ఆగస్టులో ఉబ్బడానికి చోటు లేక మరోచోట లేస్తుంది. తాత కాలంలో వేసవిలో బండి చక్రం పట్టా వదులైతే చెరువు నీళ్లలో నిలబెట్టేవాళ్లట. సూత్రం అదే.

తీగలు సగం వదులు చేశాం. వీణను సంచిలో పెట్టి, చిల్లులున్న సబ్బుడబ్బాలో బాగా పిండిన తడి స్పాంజి ఉంచాం. నీరు చెక్కకు తగలరాదు. తేమమాపకం చూసుకుంటూ 50, 55 శాతం మధ్య నిలిపాం. ఇరవై రోజులకు బీట వెంట్రుకంత అయింది. అప్పుడు మా ఊరి వడ్ల తాత వచ్చి, పల్చటి వేడి జిగురును వేలితో నొక్కి ఎక్కించి, పైది తుడిచి, బద్దలు అడ్డం పెట్టి తాడుతో బిగించి ఒక రోజు కదలనివ్వలేదు. జీర పోయింది.

పలక మార్చక తప్పని సందర్భాలూ ఉన్నాయి. గుర్రం బరువుకు పలక కుంగి తీగలు మెట్లకు తాకుతున్నా, పురుగు తొలిచినా, బీట గుర్రం కిందుగా పోయి అంచులు ఎగుడుదిగుడైనా అతుకు నిలవదు. కానీ కొత్త పలకతో గుర్రం ఎత్తు మారుతుంది. 24 మెట్లనూ మైనం కరిగించి మళ్లీ స్వరానికి నిలపాలి. నాదం కూడా పాతది కాదు. పియానోలోనూ కింద అడ్డబద్దలు పట్టు విడవనంత వరకు ఒట్టి బీటకు పలక మార్చరు. వేలి కణుపుతో బీటకు రెండు పక్కలా తట్టి చూస్తే తెలుస్తుంది: గిలకలాగా అదిరితే ఏదో అంచు ఊడిందని.

గీత ఇప్పటికీ కనబడుతుంది. ఏసీ లేని గది మా ఇంట్లో ఒక్కటే, అది నాది. ఇప్పుడు అందులో వీణ ఉంటున్నది. నా మంచం హాల్లోకి వచ్చింది.