తాళం మారుస్తానంటే బెదరాలా?

ప్రశ్న: మాదాపూర్‌లో నాలుగేళ్ళుగా ఒకే ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. నెలకు 28 వేలు. పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, కొత్తది రాసుకోలేదు. పక్క ఫ్లాట్‌ను టూరిస్టులకు రోజు లెక్కన ఇస్తున్నారు. అది చూసి మా ఓనరు కూడా నెలాఖరుకు ఖాళీ చేయమంటున్నాడు. లేదంటే తాళం మారుస్తాడట. ఏం చేయాలి?

జవాబు: ఖాళీ చేయించే హక్కు ఆయనకుంది. తాళం మార్చే హక్కు లేదు.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మీకు అక్కరకు రాదు. కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటితే అది వర్తించదు. ఆ డబ్బుకు ఇవాళ మాదాపూర్‌లో కారు పెట్టుకునే జాగా దొరికితే గొప్ప! మీకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. గడువు తీరాక కూడా ఓనరు అద్దె తీసుకుంటున్నాడు కాబట్టి మీది నెలవారీ అద్దె కింద లెక్క. 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు గానీ నోటీసు రాతపూర్వకంగా ఉండాలి. అయినా మీరు కదలకపోతే ఆయన సివిల్ కోర్టుకు వెళ్ళాల్సిందే. బలవంతంగా గెంటేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి ఇంట్లోకి తిరిగి రావచ్చు. అలాగని కోర్టు పేరు చెప్పి ఏళ్ళు గడిపేద్దామనుకోకండి. ఓడితే ఆ కాలానికి మార్కెట్ రేటున నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు.

ఇక మీ ఓనరు ఆశ సంగతి. టూరిస్టులకిస్తే రోజుకు మూడు వేలు వస్తుందనుకుంటే, పది రోజులు నిండితే చాలు, మీ నెల అద్దెను మించిపోతుంది. వీధిలో పదిమంది ఓనర్లు ఇదే లెక్క వేసుకుంటే కాపురాలకు మిగిలే ఇళ్ళు తగ్గి, అద్దెలు పైకెగబాకుతాయి. దీనికి పగ్గం వేయాల్సింది నగరపాలక సంస్థలూ ప్రభుత్వాలూ. బార్సిలోనాలో 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగనివ్వబోమని అక్కడి మేయర్ 2024లోనే ప్రకటించారు. న్యూయార్క్‌లో 30 రోజుల్లోపు అద్దెకిచ్చేవాళ్ళు రిజిస్టర్ చేయించుకుని, అతిథులతోపాటు తామూ ఆ ఇంట్లోనే ఉండాలి.

ఈసారి ఇల్లు తీసుకునేటప్పుడు లాకిన్ గడువు (మధ్యలో ఖాళీ చేయకూడని, చేయించకూడని కాలం) ఓనరునూ కట్టిపడేసేలా రాయించండి. అగ్రిమెంటు ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా మూడేళ్ళని రాసుకున్నా మళ్ళీ ఆ పదిహేను రోజులే గతి.

ప్రస్తుతానికి అద్దె ఆపకండి, బ్యాంకు ద్వారానే పంపండి. నోటీసు కాగితం మీద ఇమ్మనండి. రెండు నెలల గడువూ అడ్వాన్సు తిరిగిచ్చే తేదీ కూడా అందులోనే రాయమని అడగండి.