రికార్డరు మొరాయిస్తే?

ఫైనలియర్ ప్రాజెక్టు పనిమీద ఒక ప్రయోగశాలలో రెండు నెలలున్నాను. ఓ రోజు చిన్న ఉపగ్రహపు పెట్టెను కంపన బల్లకు బిగించి ఒక నిమిషం గట్టిగా కుదిపారు. రెండు రికార్డర్ల మీదా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. తీరా చూస్తే రెండింటిలోనూ ఏమీ లేదు!

"మళ్ళీ కుదిపితే సరిపోతుంది కదా సార్" అన్నాను.

"ఏమయ్యా, ఇదేమన్నా చేటలో బియ్యమా, ఎన్నిసార్లయినా చెరగటానికి?" అన్నారు మా గైడుగారు.

ఆయన కోపానికి కారణముంది. ప్రతి కుదుపుకీ లోహం కొంత అలసిపోతుంది, అతుకుల ఆయుష్షు తరుగుతుంది. రాకెట్టు ఎక్కిననాటికి దాచుకోవలసిన బలాన్ని బల్లమీదే ఖర్చు పెట్టేస్తామన్నమాట. పైగా ఏదైనా స్క్రూ వదులైతే, అది మొదటిసారి వదులైందో రెండోసారో చెప్పేవాడుండడు.

అసలు జరిగిందేమిటంటే, రికార్డర్లు రెండూ ఒకే ట్రిగ్గరు తీగ కోసం కాచుక్కూర్చున్నాయి. ఆ తీగ ఊడింది. దీపం "సిద్ధంగా ఉన్నాను" అంటోందే గాని "రాస్తున్నాను" అనటంలేదు. తీగ గాని, ప్లగ్గు గాని, ఆంప్లిఫయరు గాని ఒకటే అయినప్పుడు రికార్డర్లు ఎన్ని పెట్టినా ఒక్కటి కిందే లెక్క. అందుకే ముందు పూర్తి తీవ్రతలో నాలుగోవంతుతో కుదిపి, నమోదైన గీతను కళ్ళారా చూసుకోవాలి. రికార్డరు ఆగితే బల్ల కూడా ఆగేట్టు కలపాలి. పరీక్ష అయ్యాక, రికార్డు చదివి చూసేదాకా ఒక్క బోల్టయినా విప్పరాదు.

భూమిమీద కష్టమో నష్టమో రెండోసారి చేసుకోవచ్చు, అంతరిక్షంలో ఆ వీలూ లేదు. అమెరికావారి గెలీలియో నౌక పెద్ద యాంటెన్నా 1991లో సరిగా విచ్చుకోలేదు. సెకనుకు 134 కిలోబిట్లు పంపవలసిన నౌక చిన్న యాంటెన్నాతో పదుల బిట్లకు దిగజారింది. ఇక ఆధారమల్లా నౌకలోని ఒకే ఒక టేపు రికార్డరు. 1995 అక్టోబరు 11న టేపును వెనక్కి చుట్టమంటే, ఆగవలసినప్పుడు ఆగకుండా అదీ మొరాయించింది. ఇంజనీర్లు అనుమానమున్న భాగం మీద అదనంగా 25 చుట్లు చుట్టేసి, ఇక దాని జోలికి పోలేదు. టేపును అలవనివ్వకూడదని అయో, యూరోపాల దగ్గరి ఫొటోలు సైతం వదులుకున్నారు. డిసెంబరు 7న గురుగ్రహ వాతావరణంలోకి దూకిన శోధక యంత్రం సుమారు 58 నిమిషాలు పంపిన సమాచారాన్ని మాత్రం టేపుమీదా, కంప్యూటరు మెమరీలోనూ, రెండుచోట్లా దాచారు.

మా పెట్టెను మళ్ళీ కుదపటానికి అనుమతి రావటానికి పదకొండు రోజులు పట్టింది. ఈసారి ట్రిగ్గరు తీగలు రెండు. రెండోదాన్ని నేనే బిగించాను.