ప్రశ్నలు - జవాబులు: ఒకే సట్టిలో అనపగింజలు, పొట్టేలు మాంసం

అనపకాయలు సంతలోకి వచ్చేశాయి. ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు ఆ గింజల గురించీ, వాటితో కలిపి వండే యాటకూర గురించీ అడిగినవే. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నేను గుంటూరు వైపు నుంచి ఆళ్ళగడ్డ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. ఎండు అనపగింజలు రాత్రంతా నానబెట్టి, టొమాటో, చింతపండు రసం వేసి మాంసంతో పాటే ఉడికిస్తున్నాను. మాంసం పీచులుగా విడిపోతుంది, గింజ మాత్రం పలుకు విడవదు. మా అత్తమ్మ ఏమీ అనరు గానీ గింజల్ని పళ్ళెం అంచుకు నెట్టేస్తారు. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?
- ఒక చెల్లెలు, ఆళ్ళగడ్డ మండలం

జవాబు: చెల్లీ, పులుపు ముందు పడుతోంది. గింజలో పెక్టిన్ అనే జిగురు ఉంటుంది. అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. పులుపు తగిలిందంటే ఆ జిగురు కరగనని మొండికేస్తుంది. దానికి తోడు మీ వైపు చాలా ఊళ్ళలో వంటకు బోరునీళ్ళే. వాటిలోని సున్నం గింజను ఇంకా బిరుసు చేస్తుంది. రెండూ కలిసినప్పుడు ఎన్ని విజిల్స్ పెట్టినా లాభం ఉండదు.

ముందు నానబెట్టే పద్ధతి మార్చండి. రెండు లీటర్ల నీళ్ళలో పెద్ద చెంచాడు ఉప్పు కరిగించి, అందులో గింజల్ని ఎనిమిది గంటలు ఉంచండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని పెద్దవాళ్ళు అంటారు గానీ, నానబెట్టే నీళ్ళ విషయంలో ఆ మాట నిలవదు. ఉప్పు తోలును మెత్తబరుస్తుంది. పొద్దున్నే ఆ నీళ్ళు పారబోసి, గింజలు కడిగి పెట్టుకోండి. కూరలోకి వడకట్టిన తాగేనీళ్ళే పోయండి. బోరునీళ్ళు తప్పదనుకుంటే చిటికెడు వంటసోడా వేయండి. అంతకు మించితే సబ్బు వాసన వస్తుంది. ఇంత చేసినా ఉడకలేదంటే గింజలు పాతవన్నమాట. ఎండ వేడికి ఏడాదికి పైగా డబ్బాలో మగ్గిన గింజ ఏం చేసినా మెత్తబడదు. దాన్ని కూరకు వాడకండి.

ఇక కూర. అరకిలో మాంసానికి పావుకిలో ఎండు గింజలు సరిపోతాయి, పచ్చివైతే అరకిలో దాకా వేసుకోవచ్చు. కొట్టు దగ్గర మెడ, ముందుకాలు, ఒక నల్లి బొక్క అడగండి. తొడ కండ వేపుడుకు బాగుంటుంది గానీ ఈ కూరలో పిప్పి అవుతుంది. నరం, ఎముక ఉన్న ముక్కే నిదానంగా ఉడికి, కరిగి, పులుసుకు చిక్కదనం ఇస్తుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేరుశెనగ నూనె వేసి, రెండు ఎర్రగడ్డలు సన్నగా తరిగి వేయించండి. దంచిన అల్లం తెల్లగడ్డ వేసి, పచ్చివాసన పోయాక మాంసం, పసుపు, ఉప్పు వేయండి. నీళ్ళు పోయకండి. మాంసంలోంచే నీళ్ళు ఊరతాయి. కాసేపు గిన్నెలో నీళ్ళు మరిగే చప్పుడు వినిపిస్తుంది. ఆ నీళ్ళు ఇంకిపోయాక చప్పుడు చిటపటగా మారుతుంది, ముక్క అంచు ఎర్రబడుతుంది, నూనె పక్కలకు తేలుతుంది. ఈ చిటపట వినేదాకా గెంటె కిందపెట్టకండి. కూర రుచిలో సగం ఇక్కడే పడుతుంది. చాలామంది తొందరపడి ఇక్కడే నీళ్ళు పోసేస్తారు.

అప్పుడు కారం వేసి ఒక తిప్పు తిప్పి, ముప్పావు లీటరు వేడినీళ్ళు పోసి, నానిన ఎండు గింజలు వేసి మూతపెట్టండి. సన్నని సెగ మీద గంట, ముదురు పొట్టేలైతే గంటన్నర. పచ్చి గింజలైతే మాంసం ముప్పాతిక ఉడికాక వేయాలి, వాటికి ఇరవై నిమిషాలు చాలు. పితికిపప్పు, అంటే నానబెట్టి తోలు పితికేసిన పప్పు, ఇంకా సుకుమారం. అది ఆఖరి పది నిమిషాల్లో పడాలి. ముందే వేస్తే కరిగి కూరంతా ముద్దవుతుంది.

గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే నలిగిపోవాలి. అలా నలిగాకే టొమాటో, చింతపండు. ఆ వెంటనే వేయించి నూరిన మసాలా వేయండి. ధనియాలు రెండు చెంచాలు, గసాలు ఒక చెంచా, రెండు వేళ్ళంత ఎండుకొబ్బరి ముక్క, చెక్క, నాలుగు లవంగాలు. ఇంకో పదిహేను నిమిషాలు ఉడకనిచ్చి దించండి. మీ అత్తమ్మకు వేడి రాగి సంగటి మధ్యలో గుంటచేసి పోసి పెట్టండి.

ప్రశ్న: పెద్దమ్మా, మాది దిగువ అహోబిలం పక్క పల్లె. అక్కడి స్వామి పారువేట పల్లకి మా ఊరికొచ్చే దినాల్లో ఇంటినిండా చుట్టాలే. స్వామి ఊళ్ళో ఉన్నంతసేపు మా ఇంట్లో నీసు ముట్టం. స్వామి ముందుకు సాగినాక యాటకూర పెట్టకుంటే మాటొస్తాది. మటన్ ధర చూస్తే గుండె గుభేలంటాది. గింజలు ఎక్కువేసి కూర పెంచితే చిన్నతనమా?
- ఒక తల్లి

జవాబు: చిన్నతనం ఎంతమాత్రం కాదమ్మా. ఈ కూర పుట్టిందే అందుకు. వాన నమ్మకం లేని మెట్టచేలల్లో వేరుశెనగ సాళ్ళ మధ్య కందీ, అనపా, అలసందా కలిపి విత్తుకున్న ఇళ్ళ వంట ఇది. ఒక పంట పోయినా ఇంకోటి ఇంటికొస్తుందని విత్తారు. వేట ఎప్పుడో పండక్కి తెగేది, గింజ మాత్రం ఏడాది పొడుగునా కుండలో ఉండేది. రెండూ కలిపి వండి ఇంటిల్లిపాదికీ సరిపెట్టిన ఆడవాళ్ళ తెలివి అది. దాన్ని పేదరికం కింద జమకట్టే మాటను నేను ఒప్పుకోను.

బలం విషయంలోనూ లోటు లేదు. వంద గ్రాముల ఎండు గింజల్లో ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. పచ్చి మాంసంలో ఉండేవీ దాదాపు అన్నే. నలుగురికి వచ్చే అరకిలో మాంసం, అరకిలో పచ్చి గింజలు పడితే ఎనిమిది మందికి నిండుగా వస్తుంది. అయితే గింజలు పెంచినప్పుడు మసాలా, ఉప్పు కూడా పెంచాలి. గింజ ఉప్పును బాగా లాగేస్తుంది. కూర చప్పబడితేనే చుట్టాలకు అనుమానం వస్తుంది.

స్వామి ఊళ్ళో ఉన్న దినాలకు ఇదే మసాలాతో అనపగింజలు, వంకాయ, ఉర్లగడ్డ కలిపి వండండి. కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా సాగే పారువేట, అనపకాయల కాలం రెండూ కలిసివస్తాయి. చెంచులక్ష్మితో పెళ్ళికి రమ్మని పిలవడానికి స్వామే ఇంటి ముందుకొచ్చే దినాలు కదా, ఆ కూర కూడా శ్రద్ధగానే చేయండి. మాంసం లేదన్న వెలితి ఎవరికీ తెలియదు.

ప్రశ్న: అనపకాయలు అయిపోయాక ఎండాకాలంలో ఏ గింజ వేసుకోవాలి?
- ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: అలసందలు అన్నిటికన్నా తొందరగా ఉడుకుతాయి, నాలుగు గంటల నానుడు చాలు. ఇక మీ ఊరి చుట్టూ నల్లరేగడి చేలల్లో పండేది శనగే కదా. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానంలో శనగ రకాలు తయారవుతున్నాయి. అది వదిలి వేరే గింజ కోసం వెతకడం ఎందుకు? కర్నూలు, కడప ముస్లింల ఇళ్ళలో చేసే దాల్చా ఒకసారి నేర్చుకోండి. శనగబేళ్ళు విడిగా మెత్తగా ఉడికించి మెదిపి, మాంసం ఉడికిన రసంలో కలిపి, సొరకాయ ముక్కలు, చివర చింతపులుసు వేస్తారు. కుష్కా పక్కన అంతకు మించిన కూర లేదని నా అభిప్రాయం.

ప్రశ్న: కుక్కరా, మట్టిసట్టా?
- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: పనికి పోయే రోజుల్లో కుక్కరే. మాంసం నాలుగు విజిల్స్, మూత తీసి పచ్చి గింజలు వేసి ఇంకొక్కటి. తీరిక ఉన్న రోజు సట్టి. ఏది వాడినా, మిగిలిన కూరను మన ఎండలకు రెండు గంటలకు మించి బయట ఉంచకండి. ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు తెర్లేదాకా కాచండి.

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో ఉంటాడు. ఈ కూర మసాలా పొడి కొట్టి పంపమంటున్నాడు. ఎన్ని రోజులు నిలవ ఉంటుంది?
- ఒక చెల్లెలు, రాయచోటి

జవాబు: నిలవ సంగతి తర్వాత, ముందు ఇది వినండి. అందులో గసాలు వేయకండి, ఒక్క చెంచా కూడా. గల్ఫ్ దేశాల్లో గసాలను మాదకద్రవ్యాలతో సమానంగా చూస్తారు. విమానాశ్రయంలో దొరికితే కేసులు పెడతారు. ఎవరైనా పరిచయస్తులతో పంపుతున్నా అంతే, వాళ్ళనూ ఇరికించినట్టవుతుంది. గసాలకు బదులు పుట్నాలు వేయించి కలపండి, చిక్కదనం వస్తుంది. ఎండుకొబ్బరి కూడా వేయకుండా ఉంటే పొడికి రెండు నెలలు కనరు వాసన రాదు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో చదువుకుంటోంది. అనపగింజలు దొరక్క రాజ్మా, మాంసం కలిపి స్లో కుక్కర్‌లో పొద్దున పడేసి సాయంత్రం తింటానంటోంది. అలా చేయొచ్చా?
- ఒక తండ్రి, కడప

జవాబు: ఎండు రాజ్మాను నేరుగా స్లో కుక్కర్‌లో వేయకూడదండీ. ఎర్ర రాజ్మాలో ఫైటోహెమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. గట్టిగా మరిగితేనే అది విరుగుతుంది. స్లో కుక్కర్ చాలాసార్లు మరిగేదాకా వేడెక్కదు. అలా సగం ఉడికిన గింజలు తింటే, నాలుగైదు గింజలకే గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు, అరగంటైతే ఇంకా మంచిది, తెర్లించి ఆ తర్వాతే స్లో కుక్కర్‌లో వేయమనండి. డబ్బాలో ఉడికించి అమ్మే గింజలకు ఈ భయం లేదు. ఈ సంగతి ఉత్తరం రాసేదాకా ఆగకుండా ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.